రికార్డర్ ఆపింది నేనే

పోయిన నెల ఒక గురువారం పొద్దున, కెమెరాల అన్న నంబరు నుంచి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. దాదాపు రెండేళ్లుగా ఆ నంబరు నుంచి నాకు ఏమీ రాలేదు. మరమ్మతు పని ఏమైనా ఉందా అని అడుగుతున్నాడేమో అనుకుని తెరిచాను. ఆయన ఫొటో, దాని కింద రెండు వరుసలు. నిన్న సాయంత్రం ఇంట్లోనే గుండెపోటుతో పోయారని, తెలిసినవాళ్లందరికీ తెలియజేస్తున్నామని. ఆయన భార్య పంపించింది. ఫోనులో ఉన్న పేర్లన్నింటికీ పంపినట్టుంది. ఆ పేర్లలో నాది ఇంకా ఉందన్నమాట. ఏడుపు రాకముందే నాకు సిగ్గు వచ్చింది.

తిరుపతిలో మా వీధిలోని పదకొండు ఇళ్లకు సీసీ కెమెరాలు బిగించింది ఆయనే. అందుకే అందరం కెమెరాల అన్న అనేవాళ్లం. అంతకుముందు ఇరవై ఏళ్లు టీవీలు బాగుచేశాడు. సొంత ఊరు సత్యవేడు. తిరుపతిలో చిన్న గది అద్దెకు తీసుకుని కొట్టు నడిపేవాడు. ఆయన గురించి మంచిమాట రాయడానికి నాకంటే అర్హులు చాలామంది ఉంటారు. నేను రాయడానికి కారణం వేరు. ఆయన పనిని నమ్మలేమని మా వీధి అనుకుంది. అలా అనుకునేలా చేసింది నేను. అది నిజం కాదని తెలిసిన తర్వాత కూడా ఆయన బతికున్నన్నాళ్లూ నేను ఎవరికీ చెప్పలేదు. ఇది చదివేవాళ్లలో ఆ మాట విన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది కూడా వినాలి.

ఏ వస్తువు కొన్నా ముందు నోటుబుక్కులో గళ్లు గీసి, నాలుగు కొట్లలో విన్నవి రాసుకుని పోల్చి చూసుకోవడం నా పద్ధతి. మిక్సీ అయినా అంతే, నీళ్ల ట్యాంకు అయినా అంతే. కెమెరాలు పెట్టించాలనుకున్నప్పుడు కూడా మూడు పేజీలు నిండాయి. ఎన్ని మెగాపిక్సెళ్లు, రికార్డరుకు ఎన్ని కెమెరాలు తగిలించొచ్చు, డిస్కు ఎంత, గ్యారంటీ ఎన్నేళ్లు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మూడు పేజీలూ ఓపిగ్గా చదివాడు.

“ఏందమ్మా ఇది, పెండ్లికొడుకును సూసినట్టు సూసినావే! గోత్రమొకటే రాయలేదు.”

“ఎగతాళి వద్దన్నా. ఎనిమిది మెగాపిక్సెల్ మంచిదా, రెండా? అది చెప్పు.”

“ఎవురి మొకం కావాల, యాడ కావాల? ముందు అది సెప్పు. అటెనక కెమెరా ఏదో నేను సెప్తా.”

వీధి మొత్తం కనపడాలన్నాను. వీధి మొత్తం చూపించే కెమెరాలో గేటు దగ్గర నిలబడ్డ మనిషి ముఖం కందిగింజంత ఉంటుందని, వచ్చింది ఎవరో తెలియాలంటే గేటు ఒక్కదాన్నే దగ్గరగా చూసే కెమెరా వేరే కావాలని చెప్పాడు. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ డిస్కు తొందరగా నిండి పాత రోజులు చెరిగిపోతాయి, కాబట్టి గేటుకు ఐదు మెగాపిక్సెళ్లు, మిగిలిన చోట్ల రెండు చాలన్నాడు. డిస్కు విషయంలో మాత్రం పట్టుబట్టాడు. కంప్యూటరులో వాడేది వద్దు, పగలూ రాత్రీ ఆగకుండా రాసే పనికి తగినది వేరే ఉంటుంది, అదే కొనాలి అన్నాడు. నా మూడు పేజీల్లో రెండు పేజీలు కొట్టేశాడు. కొట్టేసిన ప్రతిదాని పక్కనా ఎందుకో పెన్సిలుతో రాశాడు. ఆయన మీద నాకు గురి కుదిరింది అప్పుడే.

గోడకు రంధ్రం వేసే ముందు, కెమెరాను చేత్తో పట్టుకుని, ఇంటివాళ్లను గేటు నుంచి నడిచి రమ్మనేవాడు. “దొంగ మాదిరి రామ్మా” అన్నాడు నన్ను. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని నడిచి వచ్చాను.

“అట్ల గాదు. పేరంటానికి వచ్చినట్టు వస్తా ఉండావు. తల వంచుకుని గోడ పక్కన రా.”

నిచ్చెన మీద ఆయన, గోడ పక్కన వంగి నేను. పక్కింటి టీచరమ్మ చూసి “ఏం తల్లీ, సొంత ఇంటికే కన్నమా?” అని నవ్వింది. ఆమె వాకిలి కూడా పడేలా కెమెరాను కొంచెం తిప్పమని నేను మెల్లగా అడిగితే ఆయన తిప్పలేదు. “ఆయమ్మ గడప ఆయమ్మది. మనకెందుకు?” అన్నాడు. రెండు గేట్ల మధ్య ఆమె స్కూటరు నిలిపే చోటు మాత్రం కనిపించేలా ఉంచాడు.

బిగించేవాళ్లు బిగించి వెళ్లిపోతారు. ఆయన మాత్రం నన్ను రికార్డరు ముందు కూర్చోబెట్టి, చెడిపోతే ఏం చేయాలో నేర్పించాడు. “ముందు కరెంటు, తర్వాత వైరు, అటెనకనే కెమెరా.” నా నోటుబుక్కులో అది మొదటి వరుస. అసలు ఏ బొమ్మా రాకపోతే రికార్డరు దీపం వెలుగుతోందా చూడాలి. ఒక్క కెమెరాయే పోతే దాని వైరును, పనిచేస్తున్న కెమెరా వైరు ఉన్న చోట గుచ్చి చూడాలి. చీకట్లో బొమ్మ పొగ కమ్మినట్టు తెల్లగా ఉంటే కెమెరా ముందు సాలెగూడు ఉందేమో చూడాలి. చివరగా లాగ్ అనే పేజీ తెరవడం నేర్పించాడు. రికార్డరు ఏ రోజు ఎన్ని గంటలకు ఆగింది, మళ్లీ ఎప్పుడు మొదలైంది, అన్నీ తనే అందులో రాసి పెట్టుకుంటుంది.

“ఇది నీ మాదిరేనమ్మా, ఒక్కటీ మర్సిపోదు” అన్నాడు.

పోయే ముందు టీవీ కింద ఉన్న బోర్డులో రికార్డరు స్విచ్చి మీద నల్ల టేపు అంటించాడు. కరెంటు పోయినా ఇన్వర్టరు మీద నడుస్తుంది, ఈ స్విచ్చిని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు అని రెండుసార్లు చెప్పాడు. నెల తిరక్కముందే ఆ టేపు అంచుల్లో బంక తేలి దుమ్ము పట్టింది. ఒక శుక్రవారం ఇల్లు తుడుస్తూ పీకి పారేశాను.

ఊరికి పోయేటప్పుడు స్విచ్చులన్నీ ఆపి, గ్యాసు కట్టేసి తాళం వేయడం పెళ్లయినప్పటి నుంచి నా అలవాటు. టీవీ కింద బోర్డులోని నాలుగు స్విచ్చులనూ అరచేత్తో ఒకేసారి నొక్కేస్తాను. తిరిగి రాగానే నాలుగూ వేస్తాను. వేస్తున్నానన్న ధ్యాస కూడా ఉండదు. ఫోనులో చూసుకునే ఏర్పాటు నేనే వద్దన్నాను కాబట్టి బయట ఉన్నప్పుడు తెలిసే దారీ లేదు. ఇంట్లో మనుషులున్నన్నాళ్లూ కెమెరాలు చక్కగా పనిచేశాయి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం నా చేత్తో నేనే ఆపేసి పోతూ వచ్చాను.

ఒకసారి చిత్తూరులో చుట్టాల గృహప్రవేశానికి పోయి, మర్నాడు సాయంత్రం తిరిగి వచ్చాం. మేము లేని మధ్యాహ్నం టీచరమ్మ స్కూటరు పోయింది. ఆమె రోజూ బడికి పోయేది దాని మీదే. మేము రాగానే ఆమె, ఆమె భర్త, వీధిలోవాళ్లు ఏడెనిమిది మంది, ఒక కానిస్టేబులు మా హాల్లో చేరారు. మిగిలిన ఇళ్ల కెమెరాలకు ఆ స్కూటరు నిలిపే చోటు అందదు. “నీ కెమెరా ఉండాది గదా, నాకు భయం లేదు” అంది టీచరమ్మ. నేను గర్వంగానే మౌస్ చేతిలోకి తీసుకున్నాను. రికార్డయిన గంటలకు తెర అడుగున ఆకుపచ్చ గీత ఉంటుంది. ముందురోజు ఉదయం దాకా గీత ఉంది. తర్వాత లేదు.

అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకు ఫోన్ చేశాను. “ఏమన్నా, పాత డిస్కు అంటగట్టినావా మాకు?” అని హాలంతా వినపడేలా అడిగాను. అరగంటలో వచ్చాడు. చెప్పులు బయట విడిచి, నేరుగా రికార్డరు ముందు కూర్చుని లాగ్ పేజీ తెరిచాడు. వెనక నిలబడి నేను అరుస్తూనే ఉన్నాను. తెర మీద ఉన్నది చదవలేదు. ఆయన చదివాడు. తల తిప్పి టీవీ కింద బోర్డును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. పేజీ మూసేశాడు.

“అడాప్టరు ఆగి ఆగి పని సేస్తా ఉండాదమ్మా. నేను సరిగ్గా సూసుకోలే. నాదే తప్పు.”

“చూసుకోకుండా ఎట్లా పెడతావన్నా? ఇప్పుడు ఆమె బండి ఎవరు తెచ్చిస్తారు?”

ఆయన టీచరమ్మ వైపు తిరిగి “తప్పయిపోయినాదమ్మా” అని, సంచిలోంచి కొత్త అడాప్టరు తీసి తగిలించి వెళ్లిపోయాడు. స్కూటరు దొరకలేదు.

మా వీధిలో నా మాటకు విలువుంది. అన్నీ విచారించి కొంటుందని పేరు. ఆయన్ని పది ఇళ్లకు చెప్పింది నేనే, ఇప్పుడు అవే పది ఇళ్లకు పోయి ‘నాసిరకం సామాను పెడతాడు, తనే ఒప్పుకున్నాడు’ అని కూడా నేనే చెప్పాను. ఒక్కొక్కరే మరమ్మతులకు వేరేవాళ్లను పిలవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆయన కొట్టు గది ఖాళీ చేసి సత్యవేడుకు వెళ్లిపోయాడని, శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో కెమెరా తెరల ముందు కూర్చునే పనిలో చేరాడని తెలిసింది.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం పెరటి కెమెరా బొమ్మ పోయింది. నోటుబుక్కు తీసి ఆయన చెప్పిన వరుసలోనే చూసుకుంటూ పోయాను. కరెంటు ఉంది. వైరు వదులైంది, బిగిస్తే బొమ్మ వచ్చింది. అక్కడితో ఆగొచ్చు. మొదలుపెట్టిన పని చివరిదాకా చేయడం నా అలవాటు కాబట్టి లాగ్ కూడా తెరిచాను. ఆగిన రోజులు, మొదలైన రోజులు వరసగా ఉన్నాయి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఇన్నిసార్లు ఎలా ఆగింది? నా డైరీ తెచ్చుకున్నాను. తిరుమలకు పోయిన రోజు. మా చెల్లెలి కూతురి పెళ్లి. మళ్లీ తిరుమల. ఒక్కటీ తప్పకుండా కలిశాయి. చిత్తూరు గృహప్రవేశం రోజు రికార్డరు ఆగింది ఉదయం ఆరు నలభై రెండుకు. నా డైరీలో ‘6.45 బయలుదేరాం’ అని ఉంది. గ్యాసు కట్టి తాళం వేయడానికి మూడు నిమిషాలు.

ఫోను తీసి ఆయన నంబరు దాకా పోయాను. ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. ఆయనకు చెబితే వీధికీ చెప్పాలి, టీచరమ్మకూ చెప్పాలి. రేపు చేద్దామనుకుని పెట్టేశాను. ఆ రోజు నేను చేసిన పని ఒక్కటే. కొట్టుకు పోయి నల్ల టేపు కొనుక్కొచ్చి ఆ స్విచ్చి మీద అంటించాను. ఇంట్లో ఎవరూ గమనించలేదు.

పోయిన వేసవిలో సత్యవేడులో ఒక పెళ్లికి పోయి, తిరుగు బస్సు కోసం నిలబడ్డాను. కంపెనీ బస్సు కోసం ఆయనా అక్కడే ఉన్నాడు. మెడలో కార్డు, చేతిలో క్యారియరు. నేను తల తిప్పుకున్నాను గాని, ఆయనే దగ్గరికి వచ్చాడు.

“బాగుండావా మ్మా? రికార్డరు పెట్టె బాగుండాదా?”

“బాగుందన్నా.”

“ఎండాకాలం గదా. దాని మీద గుడ్డలూ పుస్తకాలూ పెట్టబాక, గాలి ఆడాల.”

“సరే అన్నా.”

“ఇంకేం మ్మా?” అని నా ముఖంలోకి చూశాడు.

ఏం లేదన్నాను. ఆయన బస్సు వచ్చింది.

చావు మెసేజ్ వచ్చిన రోజునే పక్కింటికి పోయి టీచరమ్మకు జరిగినదంతా చెప్పాను. ఆమె “నా బండి సంగతి వదిలెయ్. నీ మాట విని ఆయప్పను నేను కూడా వాకిట్లోనించే పంపించేసినాను. నన్నెందుకు కలిపినావు దాంట్లో?” అంది. మిగిలిన ఇళ్లకూ పోయి చెప్పాను. “పోనీలే, తెలియక చేసినావు” అన్నారు కొందరు. తెలియక చేసింది మొదటి నాలుగు నెలలే. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు చేసింది తెలిసి చేసిందే.

పెద్దకర్మ అయిన మర్నాడు సత్యవేడు పోయాను. చిన్న ఇల్లు. ముందుగదిలో ఒక మూల ఆయన పనిచేసుకునే బల్ల, దాని మీద నాలుగు గళ్లుగా చీలిన తెర ఒకటి నడుస్తూ ఉంది. ఆయన భార్య నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి పోబోతుంటే ఆపాను. ఆమె మర్యాద చేసిన తర్వాత చెబితే ఇంకా అన్యాయంగా ఉంటుందనిపించింది.

“వదినా, ఆ రోజు మా ఇంట్లో రికార్డర్ ఆపింది నేనే. అన్న తప్పేం లేదు.”

“తెలుసు మ్మా” అంది.

“అన్న చెప్పినాడా?”

“ఆ పొద్దే సెప్పినాడు. నేను ఊరుకోలే. నోరు తెరిసి సెప్పుండొచ్చు గదా, మాటలు పడి వస్తావా అని తిట్టినాను. ‘ఇంటినిండా జనం ఉండారు, వాళ్ల ముందర ఆయమ్మ తల యాడ పెట్టుకుంటాది? లాగ్ సూసేది నేర్పించినాను. ఆయమ్మ ఏదీ సగంలో వదిలే మనిషి గాదు, సూసుకుంటాది, సూసినాక తానే ఫోను సేస్తాది’ అన్నాడు.”

ఆమె కొంగుతో బల్ల అంచు తుడిచింది. “శానా దినాలు ఎదురుసూసినాడు మ్మా. ఫోను మోగితే నీదేమోనని సూసేవాడు. అటెనక ఆ మాట ఎత్తేది మానేసినాడు” అని లోపలికి పోయింది.

ఆమె తిరిగి వచ్చిన అలికిడి వినపడింది. నేను తలెత్తి ఆమెను చూడలేక ఆ తెర వైపు చూశాను. నాలుగు గళ్లలో ఒకటి మేమున్న గదే. పైనుంచి చూస్తున్న ఆ బొమ్మలో, కుర్చీలో వంగి కూర్చున్న ఒక ఆడమనిషి పాపిట కనపడుతోంది, ముఖం కనపడడం లేదు. ఆమె పక్కన ఇంకొకామె నిలబడి, కాఫీ గ్లాసు పట్టుకున్న చేయి ముందుకు చాచి ఉంది. తెర మూలన సెకన్లు మారుతున్నాయి. ఆ చేయి అలాగే ఉంది.