మీటరు ముల్లు పడింది, మేం దిగలేదు

మా అమ్మాయి సారా బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. వచ్చే నెల స్నేహితురాళ్లతో అండమాన్ వెళ్లి సముద్రంలో స్కూబా డైవింగ్ చేస్తానంది. ముందు ఇక్కడ నా కళ్లముందు ఈతకొలనులో దిగి చూపించమన్నాను. "అయితే నువ్వు సుత దిగాలె డాడీ" అంది. నేను వేదాంత కళాశాల గుమ్మం తొక్కినవాణ్ణి కాదు. సీతాఫల్‌మండిలోని నా గ్యాస్ వెల్డింగ్ షాపులో, పని ఆగినప్పుడల్లా బైబిలు వాక్యం చదువుకుని బోధకుణ్ణయ్యాను. బాప్తిస్మం ఇస్తూ ఎందరినో నీళ్లలో ముంచాను గానీ, నేను మునిగి చాలా ఏళ్లయింది. సరేనన్నాను.

ఆదివారం ఆరాధన వదలను కాబట్టి శనివారం ఏడింటికి బయలుదేరాం. సికింద్రాబాద్ స్టేషన్ దాకా షేర్ ఆటో, అక్కణ్నుంచి కొలనున్న బోయిన్‌పల్లికి సిటీ బస్సు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకే టికెట్టు. కూరగాయల ట్రాలీలు అడ్డుపడి బస్సు నలభై నిమిషాలు తీసుకుంది. ఎనిమిదిన్నర బ్యాచ్‌కు వెళ్లేవాళ్లు ఆ ఆలస్యాన్ని ముందే లెక్కేసుకోవాలి. అద్దె పరికరాలతో కలిపి మనిషికి రెండున్నర వేలు. కొలను లోతు పన్నెండడుగులు.

శిక్షకుడు కిరణ్ సారా వీపుకు సిలిండరు కట్టాడు. మా షాపులో సిలిండరు బిగించగానే అతుకులకు సబ్బు నురగ రాస్తాం. లీకుంటే బుడగ లేస్తుంది. చేతులు కడుక్కునే సబ్బు తెచ్చి ఇక్కడా రాశాను.

"ఏంది అంకుల్, సిలిండర్‌కు తానం చేపిస్తున్నరా?" అని కిరణ్ నవ్వాడు.

బుడగ లేవలేదు. తరవాత నోటిగొట్టంతో గాలి పీలుస్తూ, సిలిండరులో గాలి ఒత్తిడి చూపే మీటరు చూశాను. పీల్చినప్పుడల్లా ముల్లు సగానికి పడి, వదలగానే లేస్తోంది. సిలిండరు వాల్వు పూర్తిగా తెరిచినా అంతే. లోపల ఎక్కడో దారి మూసుకుపోయిందన్నమాట.

"ఇది వద్దు. వేరేది తే తమ్మీ."

"వేరేటివి సర్వీసుకు పోయినయ్ అంకుల్. ఏం గాదు, పొద్దుగాల్ల నలుగురు దిగిండ్రు. మీరు చర్చి అయ్యగారని మీ బిడ్డ చెప్పింది గదా, జెర ప్రార్థన చేస్కోండ్రి. ఏసయ్య నీళ్లమీద నడిసిండని చెప్తరు, మీరేమో దిగనీకె భయపడ్తున్నరు!"

మా వెనక తమ వంతు కోసం ఆగిన ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. సారా ముఖం ఎర్రబడింది. "డాడీ, అందరు చూస్తున్నరు" అని గొణిగింది.

నాకు రోషం వచ్చింది. "గుడి మీదికెల్లి దూకు, దూతలు పట్టుకుంటరని ఏసయ్యకు చెప్పినోడు దేవుడు గాదు తమ్మీ, సాతాను! ప్రార్థన చేస్త. కానీ పాడైన మిషను పెట్టుకుని దేవుణ్ణి పరీక్షించ!"

నోటిగొట్టం సారాకిచ్చాను. "నా మాట వినకు బిడ్డా. నువ్వే పీల్చు, ముల్లు చూడు."

మూడుసార్లు పీల్చింది. మూడుసార్లూ ముల్లు పడింది. పన్నెండడుగుల కింద గాలి అందక, ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకొస్తే ఊపిరితిత్తులు చిరగొచ్చని కిరణే గంట క్రితం పాఠం చెప్పాడు. సారా బెల్టు విప్పేసింది. అంతటితో ఆగలేదు. ఆ ఇద్దరి దగ్గరికెళ్లి, "అక్కా, మీకిచ్చేది సుత ఇదే సెట్టు. పీల్చుకుంట మీటరు చూడుండ్రి" అంది. చూశారు. వెంటనే చెప్పులు వేసుకున్నారు.

ఇరవయ్యేళ్లుగా కూడళ్లలో గొంతు చించుకుంటున్నాను. నా ప్రసంగానికి ఎవరూ అంత త్వరగా లేవలేదు. నా బిడ్డ గొంతెత్తకుండా రెండు మాటల్లో ఇద్దర్ని గట్టెక్కించింది. బట్టలు తడవకుండానే బస్సెక్కినా, ఇంత గర్వంగా నేను ఏ ప్రయాణం నుంచీ తిరిగి రాలేదు. విశ్వాసమంటే కళ్లు మూసుకోవడమని బోధించేవాళ్లు ఉంటారు. తెరిచి చూడమనే నేను చెబుతాను.

మీరు వెళ్తే ఒక్కటి చేయండి: గట్టు మీదే, వాల్వు పూర్తిగా తెరిపించి, నాలుగుసార్లు గట్టిగా పీలుస్తూ మీటరు చూడండి. ముల్లు ఊగితే ఎవరేమన్నా దిగకండి.