మేనత్త కోయించిన మక్క చొప్ప

మా మేనత్త చనిపోయింది. నేను ఆమె ఊరికే వెళ్తుంటే, దారిలో తోంగ్‌పాల్‌లో బస్సు టీ కోసం ఆగినప్పుడు ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది: "అత్త పోయిందన్నా. సొప్ప ఇంకా చేన్లనే ఉన్నది." రెండో మాట ఎందుకన్నదో బస్సు కిటికీలోంచి మబ్బు చూశాక తెలిసింది.

పామేడు ఊరి అవతల ఆమెకు చిన్న చేను. వానాకాలంలో మక్క, అంటే మొక్కజొన్న, వేసేది. కంకులు విరిచాక మిగిలే కాడలకు, అదే చొప్పకు, చాలామంది నిప్పు పెడతారు. ఆమె పెట్టనిచ్చేది కాదు. ఆకులో పచ్చదనం ఉండగానే కోయించి, చేలోనే రెండు ఎండలు ఆరనిచ్చి, కొట్టం అటక మీదికి ఎక్కించేది. మోళ్లను దున్నించి నేలలో కలిపేది. వేసవిలో ఇక్కడ గడ్డి మిగలదు. ఆవులకూ ఎడ్లకూ ఆ చొప్పే మేత. బూజు పట్టిన కట్టలు మాత్రం పెంటకుప్పకే. ఎండబెట్టి వేద్దామని ఒకసారి కొడుకు అంటే, "బూజు బువ్వ పెడితే నువ్వు తింటవారా?" అంది.

నా విలేకరి ఉద్యోగం మీద ఆమెకు పెద్ద గౌరవం లేదు. "అల్లుడా, నీ పేపరు మేకైతే తింటది. ఆవు మూతి పెట్టది" అనేది. "ఒగలు మంచిదన్నరని తేకు. ఇరిచి చూడు" అని కూడా అనేది. చొప్ప గురించే. నేను ఆ మాటను ఉద్యోగంలో వాడుకున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను.

నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నా కోసమే శవాన్ని ఉంచారు. శవం ఊరు దాటేదాకా చేలో పని చేయకపోవడం అక్కడి ఆచారం. వాకిట్లో జనం కుదురుగా కూర్చోలేకపోతున్నారు. ఒకరు లేచి మబ్బు చూసి వస్తే, ఇంకొకరు లేస్తున్నారు. కోసిన చొప్పంతా చేలో పరచి ఉంది. తడిస్తే బూజే. తర్వాత పశువులను సంతకు తోలడం తప్ప దారి లేదు.

చివరికి కోడలు ఊరి పెద్ద ముందు నిలబడింది.

"మామా, సొప్ప తెచ్చుకుంటం."

"పీనుగ ఇంట్ల ఉండంగ చేను పనా? ఏందమ్మా నువ్వు!"

"కొడవలి పట్టం మామా. కోసుడు అత్త ఉన్నప్పుడే అయింది. ఇప్పుడు మోసుడే గద."

ఆయన మబ్బు వైపు చూశాడు. శవం దగ్గర కూర్చున్న ముసలావిడ ఏడుపు ఆపి, "ఇంకేం ఆలోచన్జేస్తవయ్యా? ఆమె లేచిందంటే ముందుగాల నీ నెత్తికే కట్ట ఎత్తుతది" అంది. ఎవరో నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన తువ్వాలు తలకు చుట్టుకుని లేచాడు.

చావుకు వచ్చినవాళ్లమంతా చొప్ప మోశాం. చివరి కట్టలు అటక ఎక్కుతుండగా చినుకులు మొదలయ్యాయి.

పాడె ఎత్తాక వాన పెరిగింది. మోసేవాళ్ల భుజాల మీద మక్క నూగు తడిసి అంటుకుపోయింది. కొట్టం ముందు నుంచి నడిచాం. అటక నుంచి రాలిన ఆకులను ఆవులు నములుతున్నాయి. ఒక్కటీ తల ఎత్తలేదు.