కొమ్ముల జీను

జీను పక్కపట్టా కుట్లు ఒక్కొక్కటే తెంపుతున్నాడు. ఎడమ బొటనవేలితో తోలు అంచు పైకి లేపి, కుడిచేతిలోని వంకర కత్తి మొనను దారం కిందకి దూర్చి చిన్నగా ఎత్తితే, మైనం పట్టిన దారం టక్కున తెగుతుంది. నెలన్నర కిందట తను వేసిన కుట్లే. గట్టిగా వేసినందుకు ఇప్పుడు తన వేళ్లే నొప్పెడుతున్నాయి. గోడవారన కొయ్యల మీద పదకొండు జీనులు వరసగా ఉన్నాయి. ఒళ్లోది పన్నెండోది, నిన్న బావ జారిపడ్డ జీను. లోపలి చెక్క చూద్దామని విప్పుతున్నాడు.

షూటింగు స్థలం వెనకాల, గుర్రాలశాలను ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు అతని పనిచోటు. తండ్రి దగ్గర అక్కా తనూ తోలుకి బెజ్జాలు పొడిచే ఒకే ఆరతో కుట్టడం నేర్చారు. అక్క సినిమాల్లో గుర్రాలు దౌడు తీయించే బావని పెళ్లాడి పని మానేసింది. తను మానలేదు. సినిమాలకి జీనులు కుట్టి కుట్టి ముప్పై ఏళ్లు గడిచాయి. చేతివేళ్ల కణుపులు ఉబ్బి, సూది కన్ను వెలుతురుకి పెట్టి చూస్తే తప్ప కనబడని వయసొచ్చింది.

ఇప్పుడు తీస్తున్నది రెండు వేల ఏళ్ల కిందటి పడమటి దేశపు యుద్ధం. ఈ కంపెనీ ఇంతకుముందు అలాంటిదే ఒకటి తీసి నవ్వులపాలైంది. పోస్టరులో సేనాపతి పాదం ఆనించిన ఇనప రికాబు తళతళా మెరిసింది. ఆ కాలానికి అక్కడ రికాబు అనేదే లేదని చూసినవాళ్లు నెలల తరబడి ఎగతాళి చేశారు. అందుకని ఈసారి ఒక చరిత్ర మాస్టారిని పెట్టుకున్నారు. ఏది చెప్పినా ఆధారం ఏమిటని అడుగుతాడు గనక రౌతులంతా ఆయనకి ఆధారం గారు అని పేరు పెట్టారు. టీ తాగుతారా అన్నా ఆధారం అడుగుతాడని వాళ్ల వేళాకోళం. ఆయన రాసిచ్చిన కాగితంలో మొదటి మాట, రికాబులు ఉండకూడదని. ఆ కాగితం సామాన్ల మేనేజరు చేతిలోంచి ఈ షెడ్డుకి వచ్చింది. అతను పన్నెండు జీనులకీ రికాబులు వేలాడే తోలు వారులు కోసేశాడు.

అప్పుడే అతని చేతికి అనుమానం తగిలింది. ఈ జీనుల చెక్క, వంపు, బిగువు అన్నీ కాలు రికాబులో ఆనుతుందన్న లెక్కతో చేసినవి. ఆ ఆధారం తీసేసి ఎక్కమంటే, ఉయ్యాల తాళ్లు తెంపి పీట మీద ఊగమన్నట్టే. కానీ నోరు విప్పలేదు. మాట్లాడేవాళ్లు ఈ చోట చాలామందే ఉన్నారు, మనకెందుకులే అనుకున్నాడు.

నిన్న రిహార్సలులో బావ అందరికంటే ముందు దౌడు తీశాడు. కత్తి ఎడమవైపుకి విసిరాడు. కత్తి వెంట భుజం, భుజం వెంట ఒళ్లంతా జారిపోయింది. ఎముకలు విరగలేదు గానీ పక్కటెముకల దగ్గర చెయ్యంత మేర కమిలిపోయింది. పది రోజులు గుర్రం ఎక్కొద్దన్నాడు డాక్టరు. దండు దూకే షాటు పన్నెండో రోజున. ఆ రోజు ముందు గుర్రం బావది, వెనక పదకొండు గుర్రాలు. ముందున్నవాడు పడితే వెనకవి ఆగవు. మానుకోమంటే బావ వినే రకం కాదు. కాలు ఆనడానికి కనబడకుండా చిన్న తోలువారు ఏదైనా కుట్టమని ఒకసారి అడిగాడు. కెమెరా గుర్రం పొట్టదాకా వస్తుంది, మళ్లీ నవ్వులపాలు కాలేమని మేనేజరు తెగేసి చెప్పాడు.

అక్క పొద్దున్నే షెడ్డుకి వచ్చింది. కోసి పక్కన పెట్టిన రికాబు వారులు చూసింది. కేకలు వేయలేదు.

"కోసింది నీ చేతులే కదరా తమ్ముడూ," అంది. "పడతాడని నీకు తెలియలేదంటే నమ్మమంటావా?"

అతను తల ఎత్తకుండా ఇంకో కుట్టు తెంపాడు. ఆమె వెళ్లిపోయింది.

కుట్లు విప్పడం సగంలో ఆపి, అతను చరిత్ర మాస్టారిని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆయన ఒక మూల గదిలో పుస్తకాల మధ్య కూర్చుని ఉన్నాడు. రికాబు లేకుండా వాళ్లు ఎలా పడకుండా ఉండేవాళ్లని అడిగాడు. ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదని మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తనని అడిగింది ఏవేవి ఉండకూడదనే గాని, ఏవి ఉండాలో ఎవరూ అడగలేదట. ఒక రాతి పలక ఫోటో తీసి ముందు పెట్టాడు. సమాధి మీద చెక్కిన రౌతు బొమ్మ. రౌతు తొడ దగ్గర జీను మీంచి బుడిపెలు లేచి ఉన్నాయి. అతను రాయి పగిలిందనుకున్నాడు.

కాదన్నాడు మాస్టారు. జీనుకి నాలుగు కొమ్ములు, ముందు రెండు, వెనక రెండు. లోపల చెక్క ఉండేదో, ఉత్త తోలులో ఏదైనా దట్టించేవారో పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు.

అతను ఫోటో మీద వేలు పెట్టి ముందు కొమ్ము వంపు వెంబడి నడిపించాడు. ఆ వంపు బయటికి తిరిగి తొడ మీదకి వాలుతోంది. ఒళ్లు ఎడమకి ఒరిగితే కుడి తొడ లేస్తుంది, లేచిన తొడని కొమ్ము ఆపుతుంది. ఆ కాలపువాళ్లు పిచ్చివాళ్లేం కాదు. మనమే అప్పుడు లేనిది పీకేశాం, అప్పుడు ఉన్నది పెట్టలేదు.

వెళ్లి అడిగితే మేనేజరు పాత జీనులకే కొమ్ములు తగిలించుకోమన్నాడు. తోలు కొత్తది రాదు, రోజులు పెరగవు.

మర్నాడు బావని పిలిపించి చెక్కగుర్రం మీద కూర్చోబెట్టాడు. చొక్కా కింద కట్టుతో బావ ఆపసోపాలు పడుతూ ఎక్కాడు. తొడ చుట్టు, మోకాలి నుంచి తుంటి దాకా పొడవు, ఒరిగితే ఎంత లేస్తుందో అన్నీ తాడుతో కొలిచి ముళ్లు వేశాడు.

"పెళ్లికి కోటు కుట్టినప్పుడు కూడా ఇన్ని కొలతలు తీయలేదురా," అన్నాడు బావ.

"ఆ కోటు నీకు పట్టనేలేదుగా బావా."

బావ నవ్వబోయి పక్కటెముకలు పట్టుకున్నాడు.

మొదటి కొమ్ము గట్టి చెక్కతో చేశాడు. చెక్కగుర్రం మీద నాలుగుసార్లు ఒరిగేసరికి బావ తొడ ఎర్రగా కందింది. రెండోది ఉత్త తోలుతో చేసి గుర్రపు వెంట్రుక దట్టించాడు. అది బరువు పడగానే తడిసిన కుక్క చెవిలా వాలిపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది. రోజున్నర అలాగే పోయింది. మూడోసారి లోపల వేలెడు మందం చెక్కబద్ద వంచి పెట్టి, దాని చుట్టూ వెంట్రుక దట్టంగా కూరి, పైన తడితోలు లాగి కుట్టి ఆరబెట్టాడు. చేత్తో వంచితే కొంచెం ఇచ్చి, మళ్లీ తన చోటికి వచ్చింది. బావ ఎక్కి ఒరిగాడు, ఇంకా ఒరిగాడు.

"పట్టుకుందిరా," అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు.

ఒక జీను తేలింది. ఇంకా పదకొండు మిగిలాయి, అంటే నలభై నాలుగు కొమ్ములు. చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు. బావ ఒక్కడికి కుట్టి ఊరుకోవచ్చు. కానీ వెనకవాళ్లలో ఎవడు దొర్లినా గుర్రాల కాళ్ల కిందే నలుగుతాడు. రౌతులు వచ్చి వెంట్రుక దువ్వి, చిక్కులు తీసి ఇచ్చారు. కుట్టు మాత్రం వాళ్ల చేత కాలేదు. మూడో రోజుకి అతని చూపుడువేలు పగిలి, సూది పట్టుకుంటే తోలు మీద ఎర్రటి మరక పడుతోంది.

ఆ మధ్యాహ్నం అక్క వచ్చింది. ఎదురు పీట లాక్కుని, ఆర తీసుకుని మొన గోటి మీద చూసుకుంది.

"మొద్దుబారింది. నాన్న ఉంటే ఇది నీ నెత్తిన కొట్టేవాడు," అంది.

అతను నూరే రాయి ఆమె వైపు జరిపాడు. అంతే, ఆ తర్వాత ఆరు రోజులు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇన్నేళ్లు సూది పట్టకపోయినా ఆమె కుట్టు తండ్రి కుట్టులాగే ఉంది, చిన్నగా, ఒత్తుగా. ఒకరి దారం అయిపోతే రెండోవాళ్లు మైనం పట్టించి అందించేవాళ్లు. పడిన సంగతీ, కోసిన సంగతీ ఎవరూ ఎత్తలేదు. సాయంత్రానికి ఆమె నడుం పట్టేసి గోడ పట్టుకుని లేచేది. అతను చేతులు గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయేవాడు.

పదకొండో రోజు పొద్దున మైదానంలో చూశారు. కట్టు విప్పి డాక్టరు సరేనన్నాక బావ ఎక్కాడు. ఒక చుట్టు తిరిగాడు, దౌడు తీశాడు, కత్తి ఎడమకి విసిరాడు. ఒళ్లు గుర్రం మెడ పక్కకి దాదాపు వేలాడింది. అక్క పెదవి కొరుక్కుంది. కుడి తొడ కొమ్ము కింద ఇరుక్కుని ఆగింది. ఒళ్లు తిరిగి నిటారుగా లేచింది. అక్క ఎదురెళ్లి కళ్లెం పట్టుకుంది.

చరిత్ర మాస్టారు కొమ్ములు నొక్కి చూసి, సరిగ్గా ఇలాగే ఉండేదని తను చెప్పలేనన్నాడు.

"నేనూ చెప్పలేనండి," అన్నాడు అతను. "మనిషి పడలేదు. నాకు తెలిసింది అంతవరకే."

మాస్టారు దానికి ఆధారం అడగలేదు. చెక్కబద్ద మందం ఎంతో, వెంట్రుక ఎంత పట్టిందో అడిగి రాసుకున్నాడు.

మేనేజరు దూరం నుంచి చూసి పెదవి విరిచాడు. ఈ బుడిపెలేంటి, జనం ఎప్పుడూ చూడలేదు, ఇదే తప్పనుకుంటారన్నాడు. మాస్టారు ఇదే నిజానికి దగ్గరని ఏదో చెప్పబోయాడు గానీ, మేనేజరు అప్పటికే ఎర్రటి గుడ్డలు తెప్పించి పైన కప్పేయమని చెబుతున్నాడు. రికాబు లేదని కనబడితే చాలట.

నలభై ఎనిమిది కొమ్ములు. అతనికి వాదించే ఓపిక లేదు.

"కప్పుకోండి. కొమ్ములు మాత్రం కోయకండి," అన్నాడు.

మధ్యాహ్నానికి చివరి జీనుకి నూనె పట్టించి, గుడ్డతో తుడిచాడు. రౌతులు వరసలో వచ్చి ఎవరిది వాళ్లు భుజాన వేసుకుపోయారు. చివరికి బావ మిగిలాడు. అతను జీను రెండు చేతులా ఎత్తి, కమిలిన వైపు కాకుండా రెండో భుజం మీద పెట్టాడు. అక్క కిందికి వేలాడుతున్న పొట్టపట్టాని పైకి మడిచి దోపింది.

"అలవాటు కొద్దీ రికాబు కోసం వెతక్కు," అంది మొగుడితో.

బావ తలూపి గుర్రాలశాల వైపు నడిచాడు.