కామేశం రాసిన ‘నేను’

చోడవరం రిజిస్ట్రారాఫీసు అరుగు మీద కామేశం దస్తావేజులు రాసేవాడు. పక్కనే నేను స్టాంపులు అమ్మేవాణ్ణి. ‘నేను నా చెరుకు భూమిని పూర్తి ఇష్టంతో అమ్ముకున్నాను’ అని రోజుకి నలుగురైదుగురి తరఫున రాసేవాడు. ఆ భూమి కామేశానిదని ఒక్కడూ అనుకోలేదు. అలాంటివాడు పంతొమ్మిది వందల యాభై ఆరులో వారపత్రిక కోసం కథ రాసి కొంప మీదికి తెచ్చుకున్నాడు.

‘కె.కోటపాడు బస్సులో ఆమెను చూశాను. ప్రేమించాను.’ ఇదీ మొదలు. రాసింది చదివి వినిపించడం వాడి వృత్తి అలవాటు. వెళ్లి భార్య మంగాయమ్మకి వినిపించాడు. ఆవిడకి చదువు రాదు గానీ చెవులు చురుకు.

“ఎవర్తండీ అది?”

“కథే!”

“మరి ‘నేను’ అని రాసేరేటి?” అని పొయ్యి ఆర్పేసింది.

మర్నాడు ‘అతడు ప్రేమించాడు’ అని మార్చాడు. “అతగాడూ మీలాగే నస్యం పీలుస్తన్నాడు. ఎవరికి చెప్తారు?” అంది. మూడోనాడు ‘ప్రేమిస్తాడు’ అని దిద్దాడు. “ఓహో, ఇంకా ముందుందన్నమాట!” అని పుట్టింటికి పెట్టె సర్దింది.

ఇదంతా వాడు చెప్తుంటే నాకు నవ్వాగలేదు. కానీ పస్తులతో పీక్కుపోయిన వాడి మొహం చూస్తే జాలేసింది.

“ఒరే, కక్షిదారు చెప్పిందే గదరా నువ్వు రాసేది? ఇందులో కక్షిదారు నీ పెళ్లాం. ఆవిడ చేత ‘నేను’ అనిపించు” అన్నాను.

సాయంత్రం పెట్టె మీద కూర్చున్న మంగాయమ్మకి కొత్త కథ చదివాడు. ‘మా ఆయన బస్సులో ఎవరినో చూశాడని తెలిసి నేను ఏడ్చాను.’

“నేనెందుకేడుస్తానూ? కొట్టెయ్యండి. కూడు పెట్టలేదని రాయండి.”

రాశాడు.

“మూడోనాటికి ఆయన వాడిన తోటకూర కాడల్లే అయిపోయేడని రాయండి.”

అదీ రాశాడు.

ఆవిడ తలెత్తి వాడి మొహం చూసింది. “నాకు జాలేసిందని రాయండి” అని లేచి పొయ్యి రాజేసింది.

వాడు తిన్నాక ఇంకు తెమ్మంది. “నేను అన్నాక నా వేలిముద్ర ఉండొద్దా?” అని కథ కింద నొక్కింది. కామేశం అలవాటు కొద్దీ దాని కింద ‘వేలిముద్ర: మంగాయమ్మది. రాసినవాడు: కామేశం’ అని చేర్చాడు.

పత్రికవాళ్లు కథ వేశారు, రచయిత్రి మంగాయమ్మ అని. కామేశం పేరు లేనే లేదు.

“ఇందులో నేనెక్కడ?” అని అడిగిందావిడ. చూపించాడు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఎంతసేపటికీ తియ్యలేదు. మొహం వెలిగిపోయింది.

“మరి మీరెక్కడ?”

“నేనా? బస్సులో ఉన్నాను గదే” అన్నాడు కామేశం మురిసిపోతూ.

మళ్లీ పొయ్యి ఆరింది. ఈసారి రెండ్రోజులు మా ఇంట్లో తిన్నాడు.