బిబ్బా పొగ

ఆ ఆదివారం పొద్దున కళ్లు తెరవబోతే తెరుచుకోలేదు. రెప్పలు వాచి అతుక్కుపోయాయి. వేళ్లతో విడదీసుకుని పక్కనున్న పాపను చూశాను. ఆరు నెలలైనా నిండని పిల్ల, నవ్వబోయి, నా మొహం చూసి కెవ్వుమంది. మగ్గం ఆపి వచ్చిన మా ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. స్టీలు పళ్లెంలో చూసుకున్నాను. బుగ్గలు, పెదవులు ఉబ్బి, వాటి నిండా సన్నటి నీటిపొక్కులు. అది నా మొహం కాదు. నాకే భయమేసింది.

మా అత్త మాత్రం తడుముకోలేదు. "దిష్టి కాదిది. బాహెర్‌చి బాధ. బయటి గాలేదో పట్టింది," అని తేల్చేసింది. సోలాపూర్‌ భవాని పేట్‌లో ఎన్నేళ్లుగా ఉన్నదో గానీ, ఆవిడ తెలుగులో తిట్టేది, మరాఠీలో భయపడేది.

మా పేటలో శనివారం వస్తే ప్రతి గుమ్మానికీ నిమ్మకాయ, మిరపకాయలు, వాటి కింద ఒక నల్లజీడి గింజ గుచ్చి కట్టేవారు. ఆ గింజనే అక్కడ బిబ్బా అంటారు. చాకలి బట్టల మీద చెరగని గుర్తులు పెట్టేది దాని రసంతోనే. నేను పాపతో పుట్టింటి నుంచి తిరిగొచ్చిన ఆ శనివారం, అత్త ఒక బిబ్బాను నా తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. గింజ టప్పున పగిలి, నూనె మరిగి, నల్లటి పొగ లేచింది. నా మెడ పట్టి ఆ పొగ మీదికి వంచింది. తెల్లారేసరికి ఇలా అయ్యాను.

వాపు చూసి మళ్లీ పొగ వేసింది. వాపు మెడకు దిగింది. అది పెరిగిన కొద్దీ ఆవిడ పొగ పెంచింది. లోపలున్నది బాగా మొండిదని ఆవిడకు నమ్మకం కుదిరింది.

"దాని పాలు పిల్లకు తాపకున్రి," అంది. పాప అత్త గదిలోకి, సీసా పాలకు మారింది. సిరిసిల్లలో ఉన్న ఆడబిడ్డకు కబురు వెళ్లింది, వచ్చి పిల్లను తీసుకుపొమ్మని, నాలో ఉన్నది దిగేదాకా అక్కడే ఉంచుకొమ్మని. అది దిగిందో లేదో చెప్పాల్సింది మళ్లీ మా అత్తే!

మధ్యాహ్నం కరెంటు పోతే పేటలోని పవర్‌లూములన్నీ ఒక్కసారిగా మూగబోయేవి. ఆ నిశ్శబ్దంలో గోడవతల పాప ఏడుపు వినిపించేది. నా రవిక తడిసిపోయేది. మా గుమ్మం ముందు నుంచి వెళ్లే ఆడవాళ్లు పిల్లల మొహాల మీద కొంగు కప్పేవారు. నిజంగానే నాలో ఎవరైనా ఉన్నారేమోనని ఊపిరి బిగబట్టి వినేదాన్ని.

అలా వింటూ కూర్చున్నప్పుడే గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు ముల్లు దిగిన నా పాదానికి అమ్మ ఈ నల్లజీడి నూనెనే కాల్చి పెట్టింది. ఏమీ కాలేదు. పెళ్లయ్యాక ఒకసారి రవిక మెడ దగ్గర చాకలి గుర్తు తగిలినంత మేర పొక్కులు లేచాయి. ఇప్పుడు పొగకే మొహమంతా పోయింది.

చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. జీడి రసంలో ఉన్నవి ఫినాల్ జాతి పదార్థాలట. మామిడి సొనలో ఉన్నవి వాటికి దగ్గరి చుట్టాలట. టీ వగరులో, దానిమ్మ తొక్కలో, కరక్కాయలో ఉన్నవీ ఆ పెద్ద కుటుంబానివేనట, అవి మేలే చేస్తాయట. జీడి మాత్రం తొలిసారి తాకినప్పుడు ఒళ్లు ఊరుకుంటుంది, కానీ గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ తాకితే శత్రువొచ్చినట్టు లేస్తుంది. అందరికీ అలా కాదు. మా అత్తకు ఏనాడూ ఒక దద్దురు కూడా రాలేదు. ఇదంతా విని నాకు ఊరట కలగలేదు, ఒళ్లు జలదరించింది. నాకు తెలియకుండా నా చర్మం అన్నేళ్లూ ఒకదాన్ని తలుచుకుంటూ కూర్చుందన్నమాట.

అప్పుడు ఇవేవీ తెలియవు. కోపం మాత్రం ఉంది. ఒక బిబ్బాను పగలగొట్టి, అత్త చూస్తుండగానే నా ఎడమ చేతి మీద చాకలి గుర్తు గీసుకున్నాను. "గాలి లేదు, గీలి లేదు అత్తమ్మా. అంత ఈ గింజ పనే. సూస్తుండు," అన్నాను. రెండో నాటికి గీసినది గీసినట్టే పొక్కులై లేచింది. అత్తకూ మా ఆయనకూ చెయ్యి చాపి చూపించాను.

అత్త రెండడుగులు వెనక్కి వేసింది. "సూసినవారా కొడుకా! లోపల్నుంచి రాస్తున్నది!"

నాకు కోపంతో నవ్వొచ్చింది. ఆ మొహంతో నవ్వేసరికి ఇద్దరూ బెదిరిపోయారు.

పది రోజులకు ఆడబిడ్డ రానే వచ్చింది. మర్నాడు పొద్దున్నే ప్రయాణం. పొలిమేర దాటే పిల్లకు ఏదీ సోకకుండా అరికాలిలో జీడి చుక్క పెట్టాలని అత్త సూదిని గింజలో గుచ్చి కాల్చింది. నేను అడ్డం వెళ్లలేదు.

"పెట్టు అత్తమ్మా. అది నా కడుపున పుట్టిన పిల్ల. రేపు దాని మొహం గూడ గిట్లయితే, దానికేం బట్టిందని చెప్తవ్?"

సూది ఆగింది. అత్త నా చేతి మీది గుర్తును, పాప పాదాన్ని మార్చి మార్చి చూసింది. తర్వాత సూదినీ గింజనూ మోరీ కాలవలో పారేసి, చేతులు కడుక్కుని, పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

రొమ్ము అందించాను. పాప లాగింది, మళ్లీ లాగింది, ఏమీ రాక వదిలేసింది. నా పాలు ఎండిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్వకు బిడ్డా, వస్తయ్," అంది అత్త.

ఆ మాట నాతోనే అంది. ఆ గొంతు వినగానే పాప నా ఒళ్లోంచి తల తిప్పి ఆవిడ కోసం వెతికింది.