పేజీలోంచి పోయిన మెకానిక్

ఆ ఇంటి చిన్నకోడలు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ కౌంటర్ మీది కంప్యూటర్‌లో ఒక పేజీ తెరిచి చూసుకునేది. ఎవరైనా రాయడానికీ దిద్దడానికీ వీలున్న ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో, వాళ్ల పేట వాళ్లు నడుపుకునే రేడియో గురించిన పేజీ అది. మొదలుపెట్టింది ఆమే. ప్రసారాల వేళలు మారినా, టవర్ చోటు మారినా ఆధారం వెతికి పట్టుకుని సరిచేసేది. "ఆ పేజీకున్న శుభ్రం మన బీరువాకు లేదే!" అని భర్త వేళాకోళం చేసేవాడు.

ఆ రేడియోకు గొంతు పెద్దకోడలు. చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలో నలుగురిలో నోరు విప్పాలంటే వణికిపోయేది. స్టేషన్ అప్పుడే మొదలవుతోంది. "నేనున్నానుగా, మాట్లాడు" అంటూ ఆమెను మైకు ముందు కూర్చోబెట్టింది పెద్దకోడలే. అప్పటినుంచీ చిన్నకోడలికి కష్టమొచ్చినా సుఖమొచ్చినా ముందు అక్క చెవిన పడాల్సిందే.

స్టేషన్ పుట్టుక సంగతి పేజీలో మొదటి పేరాలోనే ఉండేది. పెద్దకోడలూ, రేడియోలు బాగుచేసే ఒక మెకానిక్కూ కలిసి దాన్ని నిలబెట్టారు. మొదటి ట్రాన్స్‌మిటర్ బిగించింది అతనే. తర్వాత ఇద్దరికీ మాటామాటా పెరిగి అతను తప్పుకున్నాడు.

ఒకరోజు చూస్తే ఆ పేరాలో మెకానిక్ లేడు. ముక్కూమొహం తెలియని సభ్యుడెవరో తీసేశాడు. చిన్నకోడలు పాత పత్రిక వార్తను ఆధారంగా చూపి తిరిగి చేర్చింది. మర్నాటికి మళ్లీ మాయం. ఎందుకు తీస్తున్నారని చర్చా పేజీలో అడిగితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

వంటింట్లో అక్క దగ్గర గోడు వెళ్లబోసుకుంది. "ఎవడో పనిలేనివాడక్కా, ప్రాణం తోడేస్తున్నాడు."

పెద్దకోడలు కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు. "పోనీ, వదిలెయ్యవే. ఎవరు చదువుతారు అదంతా?"

"అబద్ధాన్ని ఎలా వదిలెయ్యను?"

"నీ ఓపికకో దండం తల్లీ!" అని నవ్వింది పెద్దకోడలు. చిన్నకోడలూ నవ్వేసింది.

కొన్నాళ్లకు ఆ సభ్యుడే పేజీలో ఒక ఫొటో పెట్టాడు. మొదటి ప్రసారం నాడు పెద్దకోడలు మైకు ముందు కూర్చున్నప్పటిది. చూడగానే చిన్నకోడలు గుర్తుపట్టింది. అది తను తీసిన ఫొటో. అక్కకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. అందులో అక్క పక్కన మెకానిక్ ఉండాలి. అతన్ని కత్తిరించేశారు. బల్ల అంచున మోచేయి మాత్రం మిగిలిపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను ఆ మోచేయి పట్టిచ్చింది.

సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తూ అడిగింది. "అక్కా, ఆ ఫొటో పెట్టింది నువ్వే కదూ?"

పెద్దకోడలు దుప్పటి మడత పెట్టడం ఆపలేదు. "నా పేరు రేడియో అవార్డుకు పంపారు. ఇచ్చేవాళ్లు ఆ పేజీ చూస్తారట. ఇన్నేళ్లూ గొంతు అరగదీసుకున్నది నేను. మధ్యలో వదిలేసి పోయినవాడికి సగం పేరెందుకు?"

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకునేదానివా? అయినా నువ్వు నా మనిషివనుకున్నాను."

"నీ మనిషినే. వాడెవడో అని నీ దగ్గరే మొత్తుకుంటుంటే నవ్వావు చూడు..."

పెద్దకోడలు దుప్పటి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు చిన్నకోడలు మెకానిక్ సంగతి తిరిగి రాసి, కత్తిరించని ఫొటో పెట్టింది. స్టేషన్ పెట్టిన ఇద్దరిలో ఒకరు తనకు తోడికోడలనీ, అందుకే ఇకపై ఈ పేజీ మీద చెయ్యి వెయ్యననీ, మిగతావాళ్లు కనిపెట్టుకోవాలనీ చర్చా పేజీలో రాసి కంప్యూటర్ కట్టేసింది. ఎక్కడో ఉన్న లైబ్రేరియన్ ఒకాయన పత్రిక వార్త సరిచూసి ఆ బాధ్యత తీసుకున్నాడు. మెకానిక్ పేజీలో నిలిచాడు.

అవార్డూ వచ్చింది. వేదిక మీద పెద్దకోడలు పేరుపేరునా అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. మెకానిక్ ఊసెత్తలేదు.

ఆ ఏడే దుకాణం వాళ్లు చిన్నకోడల్ని కొత్త బ్రాంచికి మేనేజర్ని చేశారు. ఆ సంగతి పెద్దకోడలికి పక్కింటావిడ ద్వారా తెలిసింది.

"నాతో ఒక్క ముక్కైనా అనలేదేమే?" అని నిలదీసింది.

"మర్చిపోయానక్కా," అంది చిన్నకోడలు, పొయ్యి మీది గిన్నె దించుతూ. అక్కతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.