పెద్దమేడమ్ జాడీ కింద నీళ్ళు

నర్సరీ నుంచి తెచ్చిన కొబ్బరి పొట్టు ఇటుకను నిన్న బారిడీహ్‌లోని మా ఇంటి బాల్కనీలో బకెట్లో నానబెట్టాను. కాసేపటికి అది ఉబ్బి, విడిపోయి, ఒక వాసన వేసింది. వాన వెలిశాక పాత చాపను ఎండలో వేస్తే వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుందది. పక్కన గులాబీ అంటు వాడిపోతోంది, నేను మాత్రం బకెట్లో చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయాను. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఒక గుప్పెడు తీసి పిండి చూశాను. ముద్ద నిలవాలి, చుక్క కారకూడదు. చుక్క కారితే బూజు పడుతుంది, ముద్ద నిలవకపోతే లోపల ఉన్నవాళ్ళకు దాహం వేస్తుంది. ‘లోపల ఉన్నవాళ్ళు’ అనడం అన్నపూర్ణ టీచరుగారి అలవాటు. ఆ లోపల ఉండేది అరచేతి వెడల్పున్న సాలీడు.

డెబ్బయ్యో దశకం చివర్లో, పెళ్ళయిన కొత్తలో, నేను పాలకొండ వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చాను. సీతారామ్‌డేరాలో వరసగా నాలుగు వాటాలున్న ఇంట్లో మాదొకటి, ఆనుకుని టీచరుగారిదొకటి. మా ఆయన అప్పన్న కాంట్రాక్టు పనికి సైకిలు మీద వెళ్ళేవాడు. ఇంట్లో నేనూ మా అత్తా ఉండేవాళ్ళం. నాకు హిందీ ఒక్క ముక్క రాదు. కూరగాయలమ్మే మనిషి వస్తే తలుపు చాటుకు వెళ్ళేదాన్ని. అత్త అరిస్తే భయం, ఫ్యాక్టరీ సైరన్ మోగితే భయం, ఊరికే ఉంటే ఇంకా భయం. ఇలాంటిదాన్ని తీసుకెళ్ళి దేవుడు సాలీళ్ళ పక్కింట్లో పెట్టాడు.

టీచరుగారిది విజయనగరం. ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేవారు. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. ఒకరోజు పాలల్లోకి తోడు కోసం గిన్నె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కిటికీ దగ్గర బల్ల మీద, బిస్కెట్ల దుకాణాల్లో ఉంటుందే, అలాంటి వెడల్పు మూతి గాజు జాడీ ఉంది. సగానికి పైగా మట్టి, కొబ్బరి పీచు. దాని మీద ఏదో గోధుమరంగు ఊలు ఉండలా కనిపించింది. ఆవిడ ఊలు అల్లుతారు కాబోలు అనుకుని వంగి చూశాను. ఊలు ఉండ ఒక కాలు పైకెత్తింది. నా చేతిలో గిన్నె కింద పడి వసారా చివరిదాకా దొర్లింది. టీచరుగారు ముందు జాడీ వంక చూశారు, ఆ తర్వాతే నా వంక.

“కాస్త నెమ్మదమ్మా. ఆవిడకి చప్పుడు పడదు.”

“ఆవిడెవరండీ?” అన్నాను.

“పెద్దమేడమ్. మా హెడ్‌మిస్ట్రెస్ పేరే పెట్టుకున్నాను. ఆవిడా ఇంతే, రోజంతా కూచునే ఉంటుంది. లేచిందంటే ఎవరికో మూడినట్టే.”

బళ్ళో కాలువ తవ్వుతుంటే ఒక బొరియలోంచి బయటపడిందట ఈ సాలీడు. కూలీలు పార ఎత్తేలోపల టీచరుగారు తన అన్నం క్యారియరు డబ్బా ఖాళీ చేసి అందులోకి పట్టారు. ఆ రోజు పస్తున్నారు. ఊళ్ళో పిల్లలందరూ ఆవిణ్ణి ‘మకడీ టీచర్’ అనేవాళ్ళు, హిందీలో మకడీ అంటే సాలీడు. ఆవిడ ఆ పేరుకు పలికేవారు కూడా.

ఆ వరసలో నాలుగిళ్ళకీ ఒక ఆచారం ఏర్పడిపోయింది. వంటింట్లో బొద్దింక కనిపిస్తే ఎవరూ చంపేవాళ్ళు కాదు. గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క తోసి, టీచరుగారింటికి పట్టుకెళ్ళడమే. అట్లతద్ది వాయినం తీసుకెళ్ళినట్టు కొంగు కప్పుకుని మరీ వెళ్ళేవాళ్ళు. మందు చల్లిన ఇంటి బొద్దింకను మాత్రం ఆవిడ పుచ్చుకునేవారు కాదు. “మీ ఇంట్లో విషం పెట్టారా?” అని గుమ్మంలోనే అడిగేవారు. మొదట్లో నేను గ్లాసు గుమ్మం మీద పెట్టి పారిపోయేదాన్ని. తర్వాత గుమ్మం దాటాను. తర్వాత పీట వేసుకుని కూర్చున్నాను. పెద్దమేడమ్ ముందు కాళ్ళతో నేలను తడుముతూ, ఎవరో తలుపు తట్టారా అన్నట్టు ఆగి, ఒక్క ఉదుటున దూకడం చూస్తే ఒళ్ళు జలదరించేది. మర్నాడు మళ్ళీ చూడాలనిపించేది. మట్టి గోడకు పట్టు అల్లుకుంటూ ఇల్లు సర్దుకోవడం, నీటిచుక్క మీద మూతి ఆనించి అలాగే ఉండిపోవడం, ఇవి చూస్తుంటే పొద్దు ఎలా గడిచేదో తెలిసేది కాదు. ఆ ఊరొచ్చాక నాకు మొదటిసారి సంతోషం అనిపించింది ఆ పీట మీదే.

“ఇది మిమ్మల్ని గుర్తుపడతాదాండీ?” అని ఒకసారి అడిగాను.

“పట్టదు.”

“మరెందుకండీ ఇంత చాకిరీ?”

“బళ్ళో క్లాసుకి క్లాసే గుర్తుపడుతుంది. అది చాల్లే” అని నవ్వారు. ఆవిడ దాన్ని ఎన్నడూ చేత్తో ముట్టుకోలేదు. కోపం వస్తే అది ముందు కాళ్ళెత్తి బుస్సుమని చప్పుడు చేసేది. “దాని గోడ దానిది, మన గోడ మనది. నాలుగు వాటాలకి తోడు ఇదో అయిదో వాటా అనుకో” అనేవారు.

ఇంకోరోజు తనంతట తానే ఒక సంగతి చెప్పారు. పెద్దమేడమ్ కంటే ముందు మరొకటి ఉండేదట. ఒకరోజు అది వెల్లకిలా పడి, కాళ్ళు పైకి పెట్టి, కదలకుండా ఉంది. పోయిందనుకుని ఆవిడ పసుపు గుడ్డలో చుట్టి బడి తోటలో బొప్పాయి చెట్టు కింద పాతారు. కొన్నాళ్ళకు చదివితే తెలిసింది, కుబుసం విడిచేటప్పుడు అవి అలాగే పడుకుంటాయని. “అది బతికే ఉంది పార్వతీ. నేను పాతేశాను” అన్నారు. ఆ వెంటనే బళ్ళో పాఠం చెప్పినట్టు చెప్పారు. “ముందు పట్టుతో చాప పరుచుకుంటుంది. దాని మీద వెల్లకిలా పడుకుంటే బతికున్నట్టు. నిలబడిన చోటే కాళ్ళు లోపలికి ముడుచుకుపోతే, అప్పుడు సందేహించు.”

తర్వాతి వేసవిలో టీచరుగారి తల్లికి కంటి ఆపరేషన్ అయింది. విజయనగరం వెళ్తూ జాడీ నాకు అప్పగించారు. ఎవరూ అప్పటిదాకా నాకు ఒక తాళంచెవి కూడా అప్పగించలేదు. మా అత్త మొహం మాడ్చుకుంది గానీ, టీచరంటే ఆవిడకూ కొంత జంకు. జాడీని వంటింటి గూట్లో కాకుండా ముందుగది మూల పెట్టుకోనిచ్చింది.

కొన్నాళ్ళకు పెద్దమేడమ్ తిండి మానేసింది. ఒక శుక్రవారం పొద్దున్న చూస్తే వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు పైకి. ఆవిడ చెప్పిన పట్టుచాప ఉందో లేదో గాజుకు పట్టిన చెమ్మలో నాకు సరిగ్గా కనిపించలేదు. పైగా జాడీ అంచు మీద చీమల బారు.

“ఒలె పారొతీ, సచ్చిపోనాదే అది. సీమలట్టేసినాయి, ఇంకేటి బతుకుద్ది? శుక్కురారం పూట సచ్చినదాన్ని ఇంట్లో ఎట్టుకుని దీపమెలాగెడతావు? పారీ!” అంది అత్త.

“సావనేదు అత్తా. టీచరుగారు సెప్పినారు.”

“టీచరుగారు ఇక్కడున్నాదేటి? కళ్ళెదర కనబడతన్నాది నీకు కనబడదేటి?”

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన ఇద్దరినీ చూసి సైకిలు గోడకానించాడు. “ఛోడ్ దో అమ్మా, ఒగ్గీ. మనది కాదు గదా, టీచరమ్మ మన కాడ దాసిన అమానత్. పారేత్తే ఆవిడొచ్చి అడిగితే ఏటి సెప్తాం?” అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. వెంటనే నా చెవిలో, “నిజంగా బతికున్నాదంటావా?” అన్నాడు. ఉత్తరం రాస్తే విజయనగరం చేరి జవాబు వచ్చేసరికి ఏదైనా అయిపోతుంది. పారేస్తే, బతికున్నదాన్ని రెండోసారి ఆవిడ చేత పాతిపెట్టించినట్టే. ఉంచితే, నిజంగా చచ్చి ఉంటే, చీమలు పట్టిన దానికోసం అత్తతో పోట్లాడిన తిక్కదాన్నవుతాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అప్పటిదాకా నేను ‘వద్దు’ అన్న మాట అనలేదు.

“జాడీ ఎవరూ ముట్టుకోవద్దు. దీపం నాను పెరట్లో తులసి కాడ పెడతాను” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అయితే చీమల సంగతేమిటి? అవి బతికున్నదాన్నీ తినేస్తాయి. మా అమ్మ అరిసెల డబ్బా చుట్టూ నీళ్ళు పెట్టడం గుర్తొచ్చింది. అంచు మీది చీమలను తడిగుడ్డతో తుడిచాను. జాడీని కుదుపు లేకుండా ఎత్తి, స్టీలు పళ్ళెంలో పెట్టి, చుట్టూ నీళ్ళు పోశాను. ఇక చెయ్యగలిగింది లేదు. అంట్లు తోముతూ వెళ్ళి చూశాను, బియ్యం ఏరుతూ వెళ్ళి చూశాను. మధ్యాహ్నం దాటాక దాని వీపు మీది డొప్ప పెట్టె మూతలా లేచింది. లోపలినుంచి తెల్లబారిన కొత్త కాళ్ళు, చొక్కా చేతులు విడిపించుకున్నట్టు, ఒక్కొక్కటీ బయటకు వచ్చాయి. నేను ఏడ్చేశాను. ఏమైందోనని పరిగెత్తుకొచ్చిన అత్త జాడీలోకి చూసి, ఒక్కటి కాస్తా రెండయ్యాయనుకుని, “ఓలమ్మో, కనేసినాదే!” అంది.

టీచరుగారు రైలు దిగి, సంచీ కూడా లోపల పెట్టకుండా, నేరుగా మా గదిలోకి వచ్చారు. కుబుసాన్ని చూశారు, నల్లగా నిగనిగలాడుతున్న పెద్దమేడమ్‌ను చూశారు, ఆ తర్వాత చాలాసేపు పళ్ళెం వంక చూశారు.

“ఈ నీళ్ళు నేను చెప్పలేదే.”

“లేదండి. చీమలొచ్చాయని...”

“నాకు తోచేది కాదమ్మా” అన్నారు. పొగడ్తలా అనలేదు, ఉన్నమాట అన్నట్టు అన్నారు. జీవితంలో నన్ను అంతకంటే పెద్ద మాట ఎవరూ అనలేదు. ఆ కుబుసాన్ని దూదిలో పెట్టి నాకే ఇచ్చారు. ఆ వారంలోనే మెట్రిక్ పుస్తకాలు తెచ్చి నా ముందు పడేశారు. ఆవిడ వెంటపడి చదివించకపోతే నేను బాలవాడిలో, అంటే పసిపిల్లల బడిలో, టీచరునయ్యేదాన్ని కాదు. నెలల తరబడి నోరు విప్పకుండా మూల కూర్చునే పిల్లలు ఏటా ఒకరిద్దరు వచ్చేవారు. “ఈ పిల్ల ఇంతే” అని ఎవరైనా అంటే నాకు చిర్రెత్తుకొచ్చేది. ఆ పిల్ల చుట్టూ కాసిన్ని నీళ్ళు పోసి ఊరుకునేదాన్ని, అంటే మిగతావాళ్ళు వెక్కిరించకుండా చూసి, పిల్లను తన మానాన వదిలేసేదాన్ని. కొందరు మాట్లాడారు. కొందరు మాట్లాడలేదు.

ఎనభయ్యో దశకం నడుమ టీచరుగారు జబ్బుపడి పెద్దాసుపత్రిలో చేరారు. చివరి రోజుల్లో కళ్ళు మూసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నారు. విజయనగరం నుంచి వచ్చిన బంధువులు మంచం పక్కనే నిలబడి, సామాను ఎవరికివ్వాలి, ఆ పురుగుల జాడీ ఎక్కడ పారెయ్యాలి అని మాట్లాడుకుంటున్నారు. “ఆవిడ వింటున్నారు, బయటకెళ్ళి మాట్లాడుకోండి” అన్నాను. వాళ్ళు నన్ను ఎగాదిగా చూసి వెళ్ళారు. సాయంత్రం ఆవిడ కళ్ళు తెరిచారు.

“మేడమ్ తిందా?”

“లేదండి. చాప పరుచుకుంటోంది.”

“అయితే ముట్టుకోకు” అన్నారు. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నేను ఆ మంచం పక్కన కూడా ఎదురుచూశాను. ఆవిడ లేవలేదు. కోపం వచ్చింది నాకు, ఎవరి మీదో తెలియదు.

పెద్దమేడమ్ మా ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నేను బాలవాడికి వెళ్ళినప్పుడు బొద్దింకలు పట్టింది మా అత్తే. “ఒలె, పళ్ళెంలో నీళ్ళైపోనాయి, సూసుకోవా?” అని నన్నే కసిరేది. చివరికి ఒక చలికాలం పొద్దున్న చూస్తే పెద్దమేడమ్ నిలబడిన చోటే ఉంది, కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని. చాప లేదు. సందేహం లేదు. నేను గునపం కోసం లేచాను. అప్పటికి చూపు మందగించిన మా అత్త గోడ పట్టుకుంటూ వచ్చి జాడీ ముందు కూలబడింది.

“అప్పుడే పాతీకే” అంది. “ఏమో, ఎవులికి తెలుసు. రెండ్రోజులు సూద్దాం.”

గునపం సంగతి పక్కన పెట్టి, పళ్ళెంలో నీళ్ళు మార్చి, అత్త పక్కనే కూర్చున్నాను. నిన్న గులాబీ అంటు పాతాక చూసుకుంటే, కుండీ కింద పళ్ళెం పెట్టి నిండా నీళ్ళు పోసి ఉన్నాను. అంటు బతుకుతుందో లేదో ఇంకా తెలియదు.